ఒకటే మూసీ.. నాలుగు కాలుష్యాలు

మూసీ నది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. హైదరాబాద్ మీదుగా పారి, ఉమ్మడి నల్లగొండ జిల్లాను దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మొత్తం ప్రయాణం సుమారు 240 కిలోమీటర్లు. కృష్ణా గోదావరుల ముందు ఇది చిన్న నదే. కానీ నీటి కాలుష్యంలో ఎన్ని రకాలున్నాయో, ఏ రకం ఎవరిని ఎలా దెబ్బతీస్తుందో తెలుసుకోవడానికి తెలుగు నేల మీద ఇంతకు మించిన పాఠం లేదు. నగరం విడిచే మురుగు, పరిశ్రమలు వదిలే రసాయనాలు, పొలాల నుంచి జారే ఎరువులు, రాతి పొరల్లోంచి ఊరే ఫ్లోరైడ్.. ఈ నాలుగూ మూసీ దారిలో ఒకదాని వెంట ఒకటి ఎదురవుతాయి.

ఈ నాలుగింటినీ మనం ఒకే గాటన కట్టేస్తున్నాం. మురుగు శుద్ధి కేంద్రాలు కడితే నది బాగుపడుతుందని ప్రభుత్వాలు చెబుతున్నాయి. ఇంట్లో ఫిల్టర్ బిగిస్తే గట్టెక్కినట్టేనని జనం అనుకుంటున్నారు. టైఫాయిడ్‌కూ విరిగిన ఎముకకూ ఒకే మందు రాసే వైద్యుడిని ఎవరమూ నమ్మం. నీటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే మందుచీటీ పట్టుకుని దశాబ్దాలుగా తిరుగుతున్నాం. ఏ కాలుష్యం ఎక్కడ పుడుతోంది, దాన్ని ఎవరు ఆపాలి, దానికి ఏ పద్ధతి పనిచేస్తుంది అన్న లెక్క విడివిడిగా తేలాలి. అది తేలనంతకాలం మూసీ మీద ఎన్ని వేల కోట్లు ఖర్చు పెట్టినా ఫలితం ఒడ్డున కనిపిస్తుందేమో గానీ నీళ్లలో కనిపించదు.

నగరం విడిచే మురుగు

మొదటిది, అందరికీ తెలిసినది మురుగు. స్నానాల గదులు, వంటిళ్లు, మరుగుదొడ్ల నుంచి వచ్చే నీళ్లలో ఉండేది చాలావరకు కుళ్లిపోయే పదార్థమే. దాన్ని సూక్ష్మజీవులు తింటాయి. తినేటప్పుడు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును వాడుకుంటాయి. కొద్దిపాటి మురుగైతే నది తట్టుకుంటుంది. పరిమితి దాటితే ప్రాణవాయువు అడుగంటుతుంది. అప్పుడు గాలి అవసరం లేని మరో రకం సూక్ష్మజీవులు పెరుగుతాయి. చాదర్‌ఘాట్ వంతెన దాటేవాళ్లు ముక్కు మూసుకునేలా చేసే ఆ కుళ్లిన కోడిగుడ్డు వాసన వాటి పనే.

ఈ సంగతి కంటికి కనిపించేలా చేసే పాత పరీక్ష ఒకటి ఉంది. గాలి బుడగ చేరకుండా గాజు సీసా నిండా నది నీళ్లు పట్టి, మాంగనీస్ సల్ఫేట్ ద్రావణం, క్షారంతో కలిపిన అయోడైడ్ ద్రావణం కాస్త కాస్త వేసి, మూత బిగించి సీసాను కిందికీ పైకీ తిప్పుతారు. నీటిలో ప్రాణవాయువు ఉంటే గోధుమ రంగు మడ్డి కడుతుంది. లేకపోతే ఆ మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. తెల్లగా ఉండిపోయిన చోట చేప బతకదు. స్నానానికి పనికొచ్చే నీటిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలని, సూక్ష్మజీవులు కోరే ప్రాణవాయువు, అంటే బీఓడీ, 3 మిల్లీగ్రాములు దాటకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ మండలే 2018లో దేశంలోని 351 కలుషిత నదీ భాగాలను గుర్తించి, హైదరాబాద్ నుంచి నల్లగొండ దాకా ఉన్న మూసీని వాటిలో అత్యంత తీవ్రమైన మొదటి వర్గంలో చేర్చింది.

కారణం లెక్కల్లోనే ఉంది. 2021 నాటికి జీహెచ్ఎంసీ పరిధిలో రోజుకు సుమారు 165 కోట్ల లీటర్ల మురుగు పుడుతుంటే, శుద్ధి కేంద్రాల సామర్థ్యం 77 కోట్ల లీటర్లే. సగానికి పైగా మురుగు నేరుగా నాలాల్లోకి, చెరువుల్లోకి, మూసీలోకి పోయింది. అదే ఏడాది 3,866 కోట్ల రూపాయలతో 31 కొత్త కేంద్రాలను ప్రభుత్వం మంజూరు చేసింది. దేశం మొత్తం పరిస్థితి ఇంతకంటే అధ్వానం. కేంద్ర మండలి 2020-21 లెక్కల ప్రకారం పట్టణ భారతంలో రోజుకు 7,200 కోట్ల లీటర్లకు పైగా మురుగు పుడుతుంటే, నిజంగా శుద్ధి అయింది దాదాపు 2,000 కోట్ల లీటర్లు. మంచినీటి పైపు వేయడానికి చూపిన శ్రద్ధలో సగం కూడా ఆ నీరు వాడాక ఎటు పోతుందన్న దానిపై చూపలేదు.

ఈ మురుగు నగరం దాటాక పల్లెలకు సాగునీరు అవుతుంది. పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, కొర్రెముల వైపు వరి, ఆకుకూరలు, పశువుల గడ్డి పెరిగేది మూసీ నీటితోనే. నడుము వంచి నాటు వేసే కూలీల కాళ్లకు దురదలు, దద్దుర్లు అక్కడ నిత్యం వినే మాట. మూసీ వెంట మురుగునీటితో సాగు చేసే కుటుంబాల్లో కడుపులో కొంకి పురుగుల బెడద ఇతర సాగుదారుల కంటే ఎక్కువగా ఉందని పరిశోధకులు 2000 దశకంలోనే తేల్చారు. టైఫాయిడ్, కామెర్లు, పిల్లల విరేచనాలు వచ్చేది కూడా ఈ దారినే.

అయితే మురుగు విషయంలో ఒక ఊరట ఉంది. ప్రకృతి దాన్ని తనంతట తాను శుభ్రం చేసుకోగలదు. మూసీ మీద పాతకాలపు చిన్న ఆనకట్టలున్నాయి. వాటిని అక్కడి రైతులు కత్వలు అంటారు. ప్రతి కత్వ వెనక నీళ్లు కాసేపు ఆగుతాయి, మడ్డి అడుగుకు దిగుతుంది, కత్వ దూకేటప్పుడు నీటికి గాలి తగులుతుంది, ఎండకు క్రిములు చస్తాయి. నగరం దిగువన 40 కిలోమీటర్ల మేర నీటి నమూనాలు తీసి చూసిన శాస్త్రవేత్తలు రోగకారక క్రిములు, పురుగుల గుడ్లు, బీఓడీ గణనీయంగా తగ్గినట్లు గమనించారు. కోట్లు ఖర్చు లేకుండా కత్వలు చేసిన శుద్ధి అది. కానీ అవే కత్వల మీద సబ్బు నురగ గుట్టలుగా లేచి, గాలికి ఎగిరి వరి కర్రల మీద, రోడ్ల మీద పడుతుంటుంది. కుళ్లేది కరిగిపోయింది, కుళ్లనిది మిగిలిపోయింది. లవణాలు, లోహాలు, మొండి రసాయనాలు ఎన్ని కత్వలు దూకినా పోవు. రెండో రకం కాలుష్యం కథ ఇక్కడే మొదలవుతుంది.

పరిశ్రమ వదిలే రసాయనం

పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల పేర్లు దేశ ఔషధ పరిశ్రమ చరిత్రలో ఎంత గర్వంగా వినిపిస్తాయో, కాలుష్య చరిత్రలో అంత బాధగా వినిపిస్తాయి. అక్కడి మందులు లోకమంతా రోగాలు నయం చేశాయి. వేలాది కుటుంబాలకు అన్నం పెట్టాయి. అవి వదిలిన వ్యర్థాలు ఇసుకవాగు, నక్కవాగుల గుండా మంజీరలోకి చేరి, ఒడ్డున ఉన్న ఊళ్ల చెరువులను, బావులను, పొలాలను పనికిరాకుండా చేశాయి. అక్కడి రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది. 2009లో కేంద్ర మండలి దేశంలోని 43 అతి తీవ్ర కాలుష్య పారిశ్రామిక ప్రాంతాల జాబితా ప్రకటిస్తే అందులో పటాన్‌చెరు-బొల్లారం ఉంది, విశాఖపట్నమూ ఉంది. 2017లో గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి.

పటాన్‌చెరు మూసీ పరీవాహకంలోది కాదు, మంజీర పరీవాహకంలోది. అయినా అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి 18 కిలోమీటర్ల పైపులైను వేసి ఆ నీళ్లను నగర మురుగులో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. మంజీర నెత్తిన ఉన్న భారం అలా మూసీ నెత్తికి మారింది. ఇది పరిష్కారమని అనుకోవడంలోనే అసలు పొరపాటు ఉంది. మురుగు శుద్ధి కేంద్రంలో పని చేసేవి సూక్ష్మజీవులు. అవి కుళ్లే పదార్థాన్ని తింటాయి. పరిశ్రమల మొండి రసాయనాలను, లోహాలను అవి తినవు. ఎక్కువ నీటిలో కలిపితే పరీక్షలో అంకె తగ్గుతుంది, విషం మొత్తం మాత్రం తగ్గదు.

మందుల వ్యర్థాలకు మరో ప్రత్యేకత ఉంది. 2007లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వస్తున్న నీటిని పరీక్షించారు. అప్పట్లో సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థ జలాలు ఆ కేంద్రానికి వచ్చేవి. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. ఒక్క రోజులో ఆ కేంద్రం నుంచి బయటికి పోతున్న ఆ మందు దాదాపు 45 కిలోలని, 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో వాడే మందుకు అది సమానమని వాళ్లు లెక్కగట్టారు. ఆ తర్వాత చాలా పరిశ్రమలు వ్యర్థ జలాలను బయటికి వదలని జీరో డిశ్చార్జి పద్ధతిలోకి వెళ్లాయి. అయినా జోరువాన రాత్రుల్లో నాలాల్లోకి వ్యర్థాలు వదులుతున్నారన్న ఫిర్యాదు ఆ ప్రాంత వాసుల నుంచి ఆగలేదు.

యాంటీబయాటిక్ కలిసిన నీళ్లలో బలహీనమైన క్రిములు చచ్చి, మందుకు లొంగనివి బతుకుతాయి. ఆ లొంగని గుణాన్ని పక్కనున్న క్రిములకు కూడా పంచుతాయి. కోట్లాది క్రిములు ఉండే నగర మురుగులో మందుల వ్యర్థాన్ని కలపడమంటే ఆ పంపకానికి వేదిక కట్టి ఇవ్వడమే. ఔషధాలకు లొంగని క్రిముల వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రిక 2022లో ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. మన ఇంట్లో పసివాడికి వచ్చిన జ్వరం మొదటి మందుకు తగ్గకపోవడానికీ మన నాలాలకూ సంబంధం లేదని అనుకోవద్దు. అయినా మన చట్టం ఈ ప్రమాదాన్ని ఇంకా గుర్తించలేదు. వ్యర్థ జలాల్లో యాంటీబయాటిక్స్ ఎంత మేర ఉండవచ్చో 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా నిబంధనల్లో చెప్పింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబర్‌లో ఇదే అంశంపై మార్గదర్శకాలు విడుదల చేశాక కూడా వాటిని మళ్లీ తెచ్చే తొందర కనిపించడం లేదు.

పొలం నుంచి జారేది

మూడో రకానికి గొట్టమూ లేదు, గేటూ లేదు. యూరియా చల్లిన మళ్లలో పంట తీసుకోగా మిగిలిన నత్రజని వాన నీటితో చెరువులోకి జారుతుంది, నేలలోకి ఇంకుతుంది. ఇళ్ల వెనక తవ్విన సెప్టిక్ ట్యాంకుల నుంచి ఊరేది కూడా దానితోనే కలుస్తుంది. బోరు నీళ్లలో అది నైట్రేట్‌గా తేలుతుంది. రంగు ఉండదు, వాసన ఉండదు, రుచి మారదు. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదన్నది భారత ప్రమాణం. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదికలో దేశవ్యాప్తంగా తీసిన నమూనాల్లో దాదాపు ఐదింట ఒకటి ఆ గీత దాటింది. నైట్రేట్ ఎక్కువున్న నీటితో డబ్బా పాలు కలిపి పట్టిస్తే పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును మోయలేదు, ఒళ్లు నీలంగా మారుతుంది. ఇక్కడ తల్లులు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఒకటుంది. నీళ్లు మరగకాస్తే క్రిములు చస్తాయి, నైట్రేట్ పోదు. ఆవిరైన మేరకు మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది.

అదే నత్రజని, భాస్వరం చెరువుల్లో చేరితే నాచు విరగబడుతుంది, గుర్రపుడెక్క కమ్మేస్తుంది. అవి చచ్చి కుళ్లేటప్పుడు ప్రాణవాయువు హరించుకుపోతుంది. ఏదులాబాద్ లాంటి మూసీ ఆయకట్టు చెరువులకూ, కింద డెల్టాలోని కొల్లేరుకూ పట్టిన గతి ఇదే. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరి అంతర్జాతీయ గుర్తింపు పొందిన కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, డెల్టా మురుగు కాలువలు మోసుకొచ్చేది పట్టణాల మురుగుతో పాటు పొలాల ఎరువులు, పురుగుమందులే. చుట్టూ కమ్ముకున్న చేపల చెరువుల వ్యర్థాలు దానికి అదనం.

2020 డిసెంబర్ మొదటి వారంలో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నిపుణుల వేలు పురుగుమందుల అవశేషాల వైపు తిరిగింది. అవి నీటి దారిన వచ్చాయా, కూరగాయల దారిన వచ్చాయా అన్న తర్జనభర్జన చాలా రోజులు నడిచింది. ఒక నగరం తాగే నీటికి, తినే కూరలకు ఏడాది పొడవునా క్రమంగా పరీక్షలు జరిగి, ఫలితాలు ఒక పుస్తకంలో నమోదై ఉంటే ఆ ప్రశ్నకు జవాబు ఒక్క పూటలో దొరికేది. దేశంలోని పెద్ద సంస్థలన్నీ దిగి వెతకాల్సి వచ్చిందంటే, రోజువారీగా చూడాల్సిన వాళ్లు చూడటం లేదనే అర్థం.

రాతిలోంచి ఊరేది

నాలుగో రకానికి నేరస్తుడు లేడు. నల్లగొండ నేల కింద ఉన్న గ్రానైట్ రాళ్లలో సహజంగానే ఫ్లోరైడ్ ఉంది. నీరు ఎంత లోతున, ఎంత కాలం ఆ రాళ్ల మధ్య నిలిస్తే అంత ఫ్లోరైడ్ అందులో కరుగుతుంది. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని తొలిసారి శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదని, వేరే నీరు దొరకనప్పుడు కూడా 1.5 మించకూడదని ప్రమాణాలు చెబుతున్నాయి. దాటితే మొదట పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు పడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగిపోతుంది, కాళ్లు దొడ్డికాళ్లవుతాయి. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఒక తరం మొత్తం నిటారుగా నిలబడలేకపోయింది.

ప్రకృతి చేసిన పనే అయినా మన పాత్ర లేదని చెప్పలేం. చెరువులు, ఊట బావుల మీద బతికిన ఊళ్లను మనం బోర్ల పాలు చేశాం. వందల అడుగుల లోతుకు తవ్వి, పాత నీటిని పైకి తోడాం. దీనికి మనవాళ్లు చూపిన దారి కూడా గొప్పదే. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు 1970 దశకంలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించారు. అది నల్లగొండ పేరుతోనే ప్రపంచానికి తెలిసింది. తర్వాత కృష్ణా జలాలు, మిషన్ భగీరథ నల్లాలు వచ్చి ఊళ్లకు సురక్షిత నీరు అందించాయి. ఇది నిజమైన విజయం, ఒప్పుకోవాలి. జబ్బుకు తగిన మందు ఎంచుకుంటే ఏం జరుగుతుందో ఫ్లోరైడ్ మీద పోరాటమే చూపించింది. మిగిలిన మూడింటి విషయంలో మనం చేయనిది సరిగ్గా ఇదే.

ఫిల్టర్ తీర్చని సమస్య

ఊరూరా వెలిసిన వాటర్ ప్లాంట్లు, వీధి చివర ఇరవై లీటర్ల క్యాన్లు మనకు ఒక తప్పుడు ధీమా ఇచ్చాయి. ఆర్వో యంత్రం లవణాలను, ఫ్లోరైడ్‌ను, నైట్రేట్‌ను తగ్గిస్తుంది, నిజమే. కానీ యంత్రం వడగట్టిన ఫ్లోరైడ్, నైట్రేట్ ఎటు పోతున్నాయి? వదిలేసిన చిక్కటి నీటితో పాటు పక్క కాలువలోకి, అక్కడి నుంచి మళ్లీ నేలలోకే పోతున్నాయి. క్యాన్ కొనలేని ఇంటికి ఆ పాటి రక్షణ కూడా లేదు. కొనగలిగిన ఇల్లు కూడా మూసీ ఆకుకూరను, మూసీ గడ్డి తిన్న గేదె పాలను ఫిల్టర్‌లో వడగట్టుకోలేదు. నీటి కాలుష్యం గ్లాసులోంచే కాదు, కంచంలోంచి కూడా వస్తుంది. అందుకే ఇంటి గుమ్మం దగ్గర కట్టే అడ్డుకట్ట ఎప్పటికీ చాలదు. పుట్టిన చోటే ఆపాలి.

పుట్టిన చోటే ఆపడం మనకు తెలియని విద్య కాదు. 1908 వరదలో హైదరాబాద్ కొట్టుకుపోయాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఈ జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు, పెద్ద నిర్మాణాలు రాకుండా 1996లో జీవో 111 వచ్చింది. ఆ పరిధిలో ఒక నూనె పరిశ్రమకు నాటి ప్రభుత్వం మినహాయింపు ఇస్తే వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. జస్టిస్ ఎం.జగన్నాధరావు 1999లో ఆ కేసులో ఇచ్చిన తీర్పు దేశానికే దారి చూపింది. హాని జరుగుతుందని జనం నిరూపించాల్సిన పని లేదు, హాని జరగదని పరిశ్రమే నిరూపించుకోవాలి అన్నది దాని సారం. మూసీ ఎగువ భాగం ఇన్నాళ్లు తాగునీటికి పనికొచ్చిందంటే ఆ జీవో, ఆ తీర్పు చలవే. అదే జీవో ఆంక్షలను ఎత్తేస్తున్నట్లు 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ప్రభుత్వం ప్రకటించింది. దిగువన చెడిపోయిన నదిని వేల కోట్లతో బాగుచేస్తామంటూ, ఎగువన ఖర్చు లేకుండా బాగున్న నీటికి ఉన్న కాపలా తీసేయడం ఏ తర్కానికీ అందదు.

దేశ చట్టం కూడా బలహీనపడుతోంది. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం కింద నీటిని కలుషితం చేసినవారికి జైలు శిక్ష ఉండేది. 2024 సవరణతో చాలా నేరాలకు జైలు పోయి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా మిగిలింది. రాష్ట్రాలు తీర్మానం చేసి ఈ సవరణను స్వీకరించవచ్చు. జైలు భయం ఉన్నప్పుడే ఆగనివాళ్లు, వ్యాపార ఖర్చులో కలిపేసుకోగల జరిమానాకు ఆగుతారా?

వాడపల్లి తర్వాత

మూసీ కథ తెలంగాణతో ముగియదు. వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసిన నీళ్లు పులిచింతలకు, అక్కడి నుంచి ప్రకాశం బ్యారేజీకి చేరతాయి. దారిలో కృష్ణ విశాలత ఆ మురికిని పలచన చేస్తుంది, నిజమే. కానీ వానలు లేని నెలల్లో, ఎగువ నుంచి నీటి విడుదల తగ్గిన రోజుల్లో పలచన చేయడానికి నీరెక్కడుంది? హైదరాబాద్ వదిలినది విజయవాడ, గుంటూరు వైపు వెళ్తోందన్న ఎరుక రెండు రాష్ట్రాల చర్చల్లో ఎక్కడా వినిపించదు. కృష్ణా జలాల మీద అర్ధ శతాబ్దంగా ట్రిబ్యునళ్ల ముందు వాదించుకుంటున్నాం. వాదనంతా ఎన్ని టీఎంసీలు అన్నదాని చుట్టూనే. ఆ టీఎంసీల్లో ఏముంది అన్నది ఎవరికీ పట్టలేదు. పంచుకునే నీరు పనికిరానిదైతే వాటా పెరిగి లాభమేమిటి?

ఇప్పుడు మూసీ పునరుజ్జీవనం పేరుతో పెద్ద ప్రయత్నం మొదలైంది. గోదావరి నీటిని తెచ్చి జంట జలాశయాల ద్వారా నదిలోకి వదలాలన్న ఆలోచన కూడా అందులో ఉంది. నదిలో మంచినీరు పారాలన్న కోరికను కాదనేవారు ఉండరు. కానీ దూరం నుంచి తెచ్చిన మంచినీటితో దగ్గరి కాలుష్యాన్ని కడిగేయాలనుకుంటే, పటాన్‌చెరు పైపులైను దగ్గర చేసిన తప్పే పెద్ద ఎత్తున చేసినట్టవుతుంది. ఒడ్డున పార్కులు, నడక దారులు వేసే ముందు నది మధ్యలో జరగాల్సిన పనులున్నాయి.

మొదటిది, పరిశ్రమల వ్యర్థ జలాలను నగర మురుగులో కలపడం పూర్తిగా ఆపాలి. దేని శుద్ధి దానికే, దాని ఆవరణలోనే జరగాలి. రెండోది, 2021లో తొలగించిన యాంటీబయాటిక్ పరిమితులను కేంద్రం తిరిగి తేవాలి. అంతవరకు ఆగకుండా ప్రపంచానికి మందులు పంపే రెండు తెలుగు రాష్ట్రాలు తమ కాలుష్య నియంత్రణ మండళ్ల అనుమతుల్లోనే ఆ షరతు పెట్టాలి. మూడోది, కొత్త శుద్ధి కేంద్రాలను సామర్థ్యంతో కాక బయటికొచ్చే నీటి నాణ్యతతో కొలవాలి. ఇంటింటికీ భూగర్భ డ్రైనేజీ కలపకుండా కేంద్రం కడితే అది మురుగు కోసం ఎదురుచూస్తూ నిలబడుతుంది. నాలుగోది, దిగువ రైతులను నేరస్తులుగా చూడకుండా, వాళ్ల కత్వలను బాగుచేసి, ఏ నీటితో ఏ పంట వేయవచ్చో చెప్పే వ్యవస్థ ఉండాలి. పచ్చిగా తినే ఆకుకూరలకు, పశుగ్రాసానికి పనికిరాని నీరైతే ఆ మాట ప్రభుత్వమే ముందుగా చెప్పి, నష్టాన్ని కాలుష్య కారకుల నుంచి వసూలు చేసి రైతుకు ఇవ్వాలి. ఐదోది, ఎరువుల మోతాదును భూసార పరీక్షలతో ముడిపెట్టి, బోర్ల నీటికి ఏటా నైట్రేట్, ఫ్లోరైడ్ పరీక్షలు గ్రామ పంచాయతీ స్థాయిలో జరపాలి. ఆరోది, జంట జలాశయాల పరీవాహకానికి జీవో 111 ఇచ్చిన రక్షణను చట్టంగానే చేయాలి. ఏడోది, కృష్ణా బోర్డు ముందు నీటి పరిమాణంతో పాటు నాణ్యత కూడా ఎజెండాలోకి రావాలి. వాడపల్లి దగ్గర రెండు రాష్ట్రాలూ కలిసి నడిపే పరీక్షా కేంద్రం ఉండాలి.

వీటన్నిటికీ పునాది ఒక్కటే: సమాచారం. ప్రతి కత్వ దగ్గర, ప్రతి శుద్ధి కేంద్రం గేటు ముందు, ప్రతి పారిశ్రామికవాడ నాలా మీద ఆనాటి నీటి పరీక్ష ఫలితం తెలుగులో, సామాన్యుడికి అర్థమయ్యే మాటల్లో రాసి పెట్టాలి. అందులో బీఓడీతో సరిపెట్టకుండా లోహాలు, ద్రావకాలు, యాంటీబయాటిక్స్, నైట్రేట్ కూడా ఉండాలి. కాలుష్యం లేని నీరు రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మన నీళ్లలో ఏముందో తెలియకుండా ఆ హక్కును వాడుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

కాబట్టి మూసీ మీద ఇకముందు వచ్చే ప్రతి ప్రణాళికను ప్రజలు, ప్రజాప్రతినిధులు, పత్రికలు నాలుగు ప్రశ్నలు అడగాలి. మురుగుకు ఏం చేశారు? రసాయనానికి ఏం చేశారు? ఎరువుకు ఏం చేశారు? భూగర్భ జలానికి ఏం చేశారు? ఈ నాలుగింటికీ వేర్వేరు జవాబులు, వేర్వేరు గడువులు, బాధ్యుల పేర్లు లేని ప్రణాళికకు శాసనసభ ఒక్క రూపాయి కూడా మంజూరు చేయకూడదు.